చిన్న దుకాణం ఖర్చులు: తగ్గించవలసినవి, తగ్గించరానివి

పాతనగరంలోని చిన్న వర్తకులకు అమ్మకాలు పెంచుకొనడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. గిరాకీ మన చేతిలో లేదు. ధర మన చేతిలో లేదు. పక్క దుకాణం కంటె కిలోకు రెండు రూపాయలు ఎక్కువ చెబితే ఖాతాదారు మెట్టు దిగిపోతాడు. పెద్ద కంపెనీల దుకాణాలు, ఫోను మీద ఇంటికి సరుకు చేరవేసే సంస్థలు వచ్చిన తరువాత ఈ పోటీ మరింత పెరిగింది. వర్తకుని చేతిలో పూర్తిగా ఉన్నది ఖర్చు ఒక్కటే. అయినా చాలా దుకాణాల్లో రోజూ లెక్క చూసుకునేది అమ్మకం. ఖర్చు లెక్క సంవత్సరాంతంలో, అదీ పన్నుల నిమిత్తం మాత్రమే చూస్తారు.

ఖర్చులను ఏ వరుసలో పరిశీలించాలి, దేనిలో ఎంత మిగులుతుంది, దేనిని ముట్టుకోరాదు అన్న విషయాలను ఒక ఉదాహరణతో చూద్దాం.

ఉదాహరణకు ఒక దుకాణం

మీరాలం మండీ ప్రాంతంలో పప్పులు, చింతపండు, మిర్చి, మసాలా దినుసులు అమ్మే ఒక కిరాణా దుకాణాన్ని ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసినవి. వర్తకులు వాటి స్థానంలో తమ అంకెలు వేసుకొనవచ్చు.

నెల అమ్మకం రూ. 8,00,000. సరుకు మీద మిగిలేది నూటికి పది, అనగా రూ. 80,000. ఖర్చులు: దుకాణం కిరాయి రూ. 18,000, ఇద్దరు గుమాస్తాల జీతాలు రూ. 26,000, బండి బాడుగ, హమాలీ రూ. 6,000, కరెంటు రూ. 3,500, సంచులు, ప్యాకింగు రూ. 3,500, రూ. 4,00,000 అప్పుపై నూటికి రూపాయిన్నర చొప్పున వడ్డీ రూ. 6,000, ఫోను, టీ, ఇతర చిల్లర రూ. 3,000. మొత్తం రూ. 66,000. యజమానికి మిగిలింది రూ. 14,000 అని చిట్టా చెబుతుంది.

కాని చిట్టాకు ఎక్కని ఖర్చు ఒకటి ఉన్నది. అది తరుగు. ఎండి తగ్గిన తూకం, ఎలుకలు, పురుగు, చినిగిన బస్తా, కాటాలో మొగ్గు అన్నీ కలిసి అమ్మకంపై నూటికి ఒకటి పోయినా అది రూ. 8,000. అప్పుడు యజమాని ఇంటికి నిజంగా చేరేది రూ. 6,000 మాత్రమే. ఇద్దరు గుమాస్తాలలో ఒకరి జీతంలో సగం కూడా కాదు. ‘‘దుకాణం బాగానే నడుస్తున్నది, డబ్బు మాత్రం నిలవడం లేదు’’ అనే మాటకు చాలాసార్లు కారణం ఇదే.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. నూటికి పది మిగిలే వర్తకంలో ఒక రూపాయి ఖర్చు తగ్గించడం పది రూపాయల సరుకు అదనంగా అమ్మడంతో సమానం. నూటికి అయిదే మిగిలే టోకు వర్తకంలో అది ఇరవై రూపాయల అమ్మకంతో సమానం.

నిల్వ సరుకు: అన్నిటికంటె పెద్ద పద్దు

ఖర్చు తగ్గించాలనగానే ముందుగా టీ ఖర్చు, గుమాస్తా జీతం గుర్తుకు వస్తాయి. కాని ముందు చూడవలసింది గోదాము. పై దుకాణంలో నెలకు అమ్ముడుపోయే సరుకు కొనుగోలు విలువ రూ. 7,20,000. నిల్వ నలభై అయిదు రోజులకు సరిపడా ఉంటే అది రూ. 10,80,000. దానిని ముప్పై రోజులకు కుదిస్తే రూ. 3,60,000 విడుదల అవుతుంది. ఆ మొత్తం అప్పు కింద జమ చేస్తే నెలకు రూ. 5,400 వడ్డీ మిగులుతుంది. ఒక్క గుమాస్తాను తీయకుండా, ఒక్క ఖాతాదారును పోగొట్టుకోకుండా మిగిలే డబ్బు ఇది.

అన్ని సరుకులను ఒకే తీరున తగ్గించరాదు. దుకాణంలోని సరుకును మూడు వరుసలుగా రాసుకోవాలి. వారంలో తిరిగేవి మొదటి వరుస: కందిపప్పు, చక్కెర, నూనె వంటివి. నెలలో తిరిగేవి రెండవ వరుస. మూడు నెలలుగా కదలనివి మూడవ వరుస. ఈ మూడవ వరుసలోనే పెట్టుబడి చిక్కుకొని ఉంటుంది. దానిని కొన్న ధరకైనా, అవసరమైతే నూటికి అయిదు తగ్గించి అయినా వదిలించుకొని ఆ డబ్బును మొదటి వరుసలో తిప్పితే నష్టం రెండు నెలల్లో పూడుతుంది. లాడ్‌బజారు గాజుల వర్తకులకు ఇది మరింత వర్తిస్తుంది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు పెరిగినా, పాతబడిన రంగు, డిజైను అరమారలో కూర్చుంటే దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

సీజనులో కొని నిల్వ చేసే మిర్చి, పసుపు, చింతపండు లెక్క వేరు. ఇక్కడ వేయవలసిన ప్రశ్న ఇది: నూరు రూపాయలకు కొన్న సరుకు ఆరు నెలల తరువాత ఎంతకు అమ్మితే అసలు వస్తుంది? రూపాయిన్నర వడ్డీ చొప్పున ఆరు నెలలకు తొమ్మిది రూపాయలు. తరుగు నూటికి మూడు అనుకుంటే మూడు రూపాయలు. గోదాము లేదా కోల్డ్ స్టోరేజి కిరాయి రెండు రూపాయలు అనుకుందాం. మొత్తం రూ. 114. ధర నూట పదికి పెరిగినా పది లాభం వచ్చిందని సంతోషించే వర్తకుడు నిజానికి నాలుగు రూపాయలు పోగొట్టుకున్నాడు.

పండుగల లెక్క

పాతనగరంలో నిల్వ అంచనాకు మరొక చిక్కు ఉన్నది. ఇక్కడి పెద్ద గిరాకీ రంజాన్ మాసం. చాంద్రమానం ప్రకారం వచ్చే ఈ మాసం ఇంగ్లీషు క్యాలెండరులో ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మనదేశంలో 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న ఉపవాసాలు ప్రారంభమైనాయి. 2030లో జనవరి మొదట ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి రంజాన్ మొదలవుతుంది. అందువల్ల ‘‘పోయిన మార్చిలో ఇంత అమ్మాము, ఈ మార్చికీ అంతే కొందాం’’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఖర్జూరం, డ్రైఫ్రూట్స్, శనగపిండి, సేమియా వంటి సరుకుల అమ్మకాన్ని పండుగ వారీగా రాసుకోవాలి. ఆషాఢ బోనాలు, శ్రావణ మాసపు పెళ్ళిళ్ళు, దీపావళి లెక్కలను కూడా తిథుల ప్రకారమే పెట్టుకోవాలి. అధిక మాసం వచ్చిన సంవత్సరం అవి కూడా వెనుకకు జరుగుతాయి.

అప్పు: వడ్డీ అసలు రేటు తెలుసుకొనండి

చిన్న వర్తకులు చాలామంది రోజువారీ వసూలు పద్ధతిపై ఫైనాన్స్ తీసుకుంటారు. రూ. 9,000 చేతికి ఇచ్చి, రోజుకు నూరు చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. పదివేలకు వెయ్యి, అనగా ‘‘నూటికి పదే కదా’’ అనిపిస్తుంది. కాని అసలు కూడా రోజూ తీరిపోతున్నందున, నూరు రోజుల్లో సగటున వర్తకుని వద్ద నిలిచిన సొమ్ము సుమారు నాలుగున్నర వేలే. దానికి మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి నూటికి ఎనభై దరిదాపు. నెలకు ఆరున్నర రూపాయల వడ్డీ అన్నమాట. నూటికి పది మిగిలే వర్తకం ఈ వడ్డీని మోయలేదు.

బ్యాంకు అప్పుకు కాగితాలు కావాలి, తిరగాలి. అయినా ఆ తిరుగుడు వృథా కాదు. 2015లో ప్రారంభమైన ముద్రా పథకం కింద చిన్న వర్తకులకు కూడా హామీ ఆస్తి లేకుండా రుణాలు ఇస్తారు. శిశు తరగతిలో రూ. 50,000 వరకు, కిశోర్ తరగతిలో రూ. 5 లక్షల వరకు, తరుణ్ తరగతిలో రూ. 10 లక్షల వరకు పరిమితి. ఉద్యం రిజిస్ట్రేషన్‌లో చిల్లర, టోకు వర్తకులను 2021 జూలైలో తిరిగి చేర్చినారు. వర్తకులకు దీని ప్రయోజనం ప్రాధాన్య రంగ రుణాలకు మాత్రమే పరిమితం అని గమనించాలి.

నగదు తగ్గింపు, ఉద్దెర ఖాతా

టోకు వర్తకుడు ముప్పై రోజుల గడువు ఇచ్చి, వారంలో చెల్లిస్తే నూటికి రెండు రూపాయలు తగ్గిస్తానంటే ఏమి చేయాలి? గడువు వాడుకోవడమే లాభమని చాలామంది భావిస్తారు. లెక్క చూద్దాం. వారంలో చెల్లిస్తే ఇరవైమూడు రోజులు ముందుగా రూ. 98 కట్టవలసి ఉంటుంది. ఆ రూ. 98 రూపాయిన్నర వడ్డీకి తెచ్చినా ఇరవైమూడు రోజులకు వడ్డీ రూపాయి 13 పైసలు. మిగిలింది 87 పైసలు. లక్ష రూపాయల కొనుగోలుపై రూ. 870. అనగా నగదు తగ్గింపు వదులుకోవడం నెలకు రెండున్నర రూపాయలకు పైబడిన వడ్డీకి అప్పు వాడుకోవడంతో సమానం. కనుక అంతకంటె తక్కువ వడ్డీకి డబ్బు దొరికే వర్తకుడు నగదు తగ్గింపును వదులుకోరాదు.

ఇదే లెక్క మనం ఇచ్చే ఉద్దెరకు తిరగబడుతుంది. రెండు నెలలు ఉద్దెర ఇస్తే నూటికి మూడు రూపాయలు వడ్డీ కింద పోయినట్టే. పది రూపాయల లాభం ఏడుకు దిగింది. ఎవరైనా వెయ్యి రూపాయలు ఎగవేస్తే అందులో రూ. 900 మన పెట్టుబడి. ఆ తొమ్మిది వందలు తిరిగి సంపాదించడానికి తొమ్మిది వేల సరుకు అమ్మాలి. తరాల నుంచి వస్తున్న ఖాతాలను ఒక్కసారిగా మూసివేయడం ఈ బజారులో సాధ్యం కాదు, మర్యాద కూడా కాదు. కాని ప్రతి ఖాతాకు ఒక పరిమితి, ఒక తేదీ పెట్టవచ్చు. పాత బాకీలో సగమైనా కట్టిన తరువాతనే కొత్త సరుకు అనే నియమాన్ని అందరికీ ఒకే విధంగా పాటిస్తే ఎవరూ తప్పుపట్టరు.

కాటా, తరుగు

తూకం తక్కువ ఇవ్వడం నేరం, పాపం కూడా. కాని తెలియక ఎక్కువ ఇవ్వడం కూడా నష్టమే. కాటాలో కిలోకు అయిదు గ్రాముల తేడా ఉంటే నూటికి అర్ధ రూపాయి పోయినట్టు. పై దుకాణంలో రూ. 6,00,000 సరుకు తూకంపై అమ్మితే నెలకు రూ. 3,000 అలా పోతుంది. 2011 నాటి తూనికల నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాను పన్నెండు నెలలకు ఒకసారి, తూకపు రాళ్ళను ఇరవైనాలుగు నెలలకు ఒకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. దీనిని వేధింపుగా చూడకుండా లాభంగా చూడాలి. రోజూ దుకాణం తెరవగానే ముద్ర గల కిలో రాయిని కాటాపై పెట్టి చూడడానికి అర నిమిషం చాలు.

సరుకు దిగుమతి సమయంలో బస్తా తూకం కూడా చూడాలి. యాభై కిలోల గోనె సంచి బరువు అరకిలోకు పైనే ఉంటుంది. ప్లాస్టిక్ సంచి నూరు గ్రాములకు కాస్త పైన. గోనె సంచిలో వచ్చిన సరుకుకు ప్లాస్టిక్ సంచి కడత తీస్తే బస్తాకు నాలుగు వందల గ్రాములకు పైగా మనమే పోగొట్టుకుంటాము. ప్రతి లాటులో రెండు మూడు బస్తాలైనా తూచి, తేడా ఉంటే హమాలీలు, బండి ఉండగానే బిల్లుపై రాయించాలి.

గోదాములో బస్తాలను నేలపై కాక చెక్క బల్లలపై, గోడకు జానెడు దూరంలో పేర్చాలి. ముందు వచ్చిన బస్తా ముందు అమ్మాలి. కొత్త బస్తాను ముందు వేసి పాతదానిని వెనుకకు నెట్టే అలవాటు వల్ల పురుగు పడిన పప్పు వెనుక వరుసలోనే దొరుకుతుంది. నిల్వ ముప్పై రోజులకు తగ్గితే తరుగు కూడా దానంతట అదే తగ్గుతుంది. ఈ జాగ్రత్తలన్నీ కలిపి నూటికి ఒకటిగా ఉన్న తరుగును సగానికి దించితే నెలకు రూ. 4,000.

బండి బాడుగ

నిల్వ తగ్గిస్తే కొనుగోళ్ళు తరచు చేయవలసి వస్తుంది, బాడుగ పెరుగుతుంది. వడ్డీలో మిగిలింది బండికి పోరాదు. దీనికి మార్గం పొత్తు. ఉదాహరణకు నయాపూల్ దాటి బేగంబజారు, ఉస్మాన్‌గంజి నుంచి నెలకు పన్నెండుసార్లు రూ. 500 చొప్పున ట్రాలీ ఆటో తెచ్చే దుకాణానికి రూ. 6,000 అవుతుంది. పక్క దుకాణంతో కలిసి పద్నాలుగు బండ్లు తెచ్చుకుంటే మొత్తం రూ. 7,000. చెరి సగం రూ. 3,500. సరుకు ముందుకంటె తరచుగా వస్తుంది, రూ. 2,500 మిగులుతుంది కూడా. ఇద్దరూ ఒకే సరుకు అమ్మే పోటీదారులైతే కొనుగోలు ధర బయటపడుతుందని జంకుతారు. అటువంటప్పుడు కిరాణా దుకాణం, ప్యాకింగు సామాను దుకాణం కలిసినా చాలు. పత్తర్‌గట్టీ, చార్మినార్ పరిసరాల్లో పగటి రద్దీలో బండి నిలిచిపోతే దానికీ డబ్బు కట్టేది వర్తకుడే. కనుక ఉదయం దుకాణాలు తెరవకముందే దిగుమతి ముగించుకోవాలి.

కరెంటు, పన్ను గడువులు

పాత ట్యూబులైటు చోకుతో కలిపి యాభై వాట్లకు పైగా తింటుంది. ఎల్‌.ఇ.డి. ట్యూబు ఇరవై వాట్లు. పాత సీలింగ్ ఫ్యాను డెబ్భై అయిదు వాట్లు, బి.ఎల్‌.డి.సి. ఫ్యాను ముప్పై దరి. ఆరు ట్యూబులు, మూడు ఫ్యాన్లు మార్చితే రోజుకు పన్నెండు గంటల వాడకంపై నెలకు సుమారు 118 యూనిట్లు తగ్గుతాయి. యూనిట్ పది రూపాయలైతే రూ. 1,180. సుమారు పదివేలు ఖర్చుపెడితే తొమ్మిది నెలల్లో తిరిగి వస్తుంది. వాణిజ్య కనెక్షనుకు మంజూరైన కిలోవాట్లను బట్టి స్థిర చార్జీ పడుతుంది. వాడకం తగ్గిన తరువాత మంజూరు లోడు అవసరానికి మించి ఉన్నదేమో బిల్లులో చూసుకోవాలి.

జి.ఎస్‌.టి. నెలవారీ రిటర్నుకు ఆలస్యమైతే రోజుకు రూ. 50, లావాదేవీలు లేకపోయినా రూ. 20 చొప్పున రుసుము, బాకీ పన్నుపై సంవత్సరానికి నూటికి 18 వడ్డీ పడతాయి. దానికంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. మనకు సరుకు అమ్మిన వర్తకుడు తన రిటర్నులో ఆ బిల్లు చూపకపోతే, మనం కట్టిన పన్ను మనకు జమ కాదు. కిలోకు అర్ధ రూపాయి తక్కువకు ఇచ్చే అమ్మకందారు బిల్లు చూపకపోతే ఆ సరుకు నూటికి అయిదు ఎక్కువ పడినట్టే.

తగ్గించరాని ఖర్చులు

కొన్ని ఖర్చులు తగ్గిస్తే మిగిలినట్టు కనిపించి, ఒక్కరోజులో అంతా తీసుకుపోతాయి.

మొదటిది విద్యుత్ తీగలు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద, కింద దుకాణం, పైన నివాసం గల భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికంగా పేర్కొన్నారు. పాతనగరంలో ఇటువంటి భవనాలు ఎన్నో ఉన్నాయి. పాత తీగలపై కొత్త ఏ.సి.లు, ఫ్రిజ్‌లు తగిలించి, మీటరు బోర్డు ముందే అట్టపెట్టెలు పేర్చే దుకాణాలు తక్కువేమీ కాదు. తీగలు మార్పించడం, లోడుకు తగిన బ్రేకరు పెట్టించడం, మెట్లపై సరుకు లేకుండా చూడడం ఖర్చు కిందకు రావు. మంచి ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే కూలిలో బేరం ఆడవద్దు.

రెండవది బీమా. 2020 అక్టోబరు వర్షాలకు పాతనగరంలోని అనేక బస్తీలు నీట మునిగాయి. దుకాణాల్లో నేలపై ఉన్న సరుకు మొత్తం పోయింది. 2021 ఏప్రిల్ 1 నుంచి రూ. 5 కోట్ల లోపు ఆస్తి గల చిన్న సంస్థలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ అమలులో ఉన్నది. అగ్నిప్రమాదంతో పాటు వరద కూడా దీనిలోకి వస్తుంది. ప్రీమియం తగ్గుతుందని సరుకు విలువ సగమే చూపరాదు. రూ. 10,80,000 సరుకుకు రూ. 5,40,000 మాత్రమే బీమా చేస్తే, రూ. 2,00,000 నష్టం జరిగినప్పుడు కంపెనీ పూర్తిగా చెల్లించదు, దామాషా ప్రకారం సుమారు సగమే ఇస్తుంది. ప్రీమియం తగ్గించుకొనడానికి సరైన మార్గం సరుకు నిల్వనే తగ్గించడం.

మూడవది గుమాస్తా. పదేళ్ళుగా ఖాతాదారుల ఇళ్ళ పేర్లు, వారి నెల సరుకు, వారి బాకీ తెలిసిన గుమాస్తాకు నెలకు వెయ్యి ఆదా కోసం ఉద్వాసన చెబితే, అతనితో పాటు ఖాతాలు కూడా పక్క దుకాణానికి నడుస్తాయి. అతనికే తరుగు లెక్క అప్పగించి, తగ్గిన తరుగులో పండుగకు వాటా ఇవ్వడం మేలు.

నాలుగవది సరుకు నాణ్యం. తక్కువ రకం మిర్చి కలిపి కిలోకు మిగిల్చుకున్న డబ్బు, ఒక హోటలు ఖాతా పోతే ఎన్ని నెలలకూ పూడదు.

మొత్తం ఎంత మిగిలింది?

పై దుకాణానికి వడ్డీలో రూ. 5,400, తరుగులో రూ. 4,000, బాడుగలో రూ. 2,500, కరెంటులో రూ. 1,180, మొత్తం రూ. 13,080 మిగులుతుంది. రూ. 6,000గా ఉన్న యజమాని ఆదాయం రూ. 19,080 అవుతుంది. ఇదే మొత్తం అమ్మకం పెంచి సంపాదించాలంటే నెలకు లక్షా ముప్పై వేలకు పైగా అదనపు గిరాకీ కావాలి. జీతాలు, కిరాయి ఒక్క రూపాయి మారలేదన్నది గమనించదగిన విషయం.

అన్నీ ఒకే నెలలో చేయడానికి పూనుకోరాదు. మొదటి నెల ఖర్చులన్నీ, తరుగుతో సహా, ఒక కాగితంపై రాయడం. రెండవ నెల మూడవ వరుస సరుకు వదిలించి అప్పు తగ్గించడం. మూడవ నెల కాటా, గోదాము. నాల్గవ నెల బాడుగ, కరెంటు. ప్రతి నెల మొదటి తేదీన అదే కాగితాన్ని పాత నెల కాగితం పక్కన పెట్టి చూడాలి. ఏ పద్దు పెరిగిందో అప్పటికప్పుడే కనిపిస్తుంది. సంవత్సరాంతం వరకు ఆగితే తెలిసేది పోయిన డబ్బు లెక్క మాత్రమే.